ప్యానెల్ ఎవరి చేతిలో ఉండాలి

మల్కాపురంలో అనూరాధకు కోపం వచ్చిందంటే ముందుగా ఆ ఇంటి గిన్నెలకు తెలుస్తుంది. అరవదు, ఏడవదు. తోమిన గిన్నెల్నే మళ్ళీ పెరట్లో వేసుకుని తోముతుంది. ఆ మధ్యాహ్నం అన్నం గిన్నెతో మొదలై, ఏడాదికోసారి కూడా దించని ఇత్తడి బిందె దాకా బయటికి రావడం చూసి, ఇవాళ ఎవడికో మూడిందనుకుంది అత్త గంగాలమ్మ.

మూడింది తిరుమలరావుకి. మధురవాడలో అద్దాల గదిలో ఏసీ వేసుకుని కూర్చుని, చిన్నచిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు పెట్టిచ్చే మనిషి ఆయన. నవ్వుతూ మాట్లాడతాడు. నవ్వుతూనే ముంచుతాడని అనూరాధకు ఆ పొద్దున్నే తెలిసింది.

అసలీ చేపలమ్మే ఆడవాళ్ళకు వెబ్‌సైటెందుకని ముక్కున వేలేసుకునేవాళ్ళుంటారు. వాళ్ళు ఒక్కసారి తట్ట నెత్తిన పెట్టుకుని మధురవాడ అపార్ట్‌మెంట్ల గేట్ల ముందు నిలబడి చూడాలి. లోపల కోనాం చేప ముక్క కోసం నోరూరుతున్న ఇళ్ళు వందలున్నా, గేటు దగ్గర వాచ్‌మన్ కదలనివ్వడు. ఎవరింటికి, ఫ్లాట్ నంబరెంత, వాళ్ళు రమ్మన్నారా అని నిలదీస్తాడు. ఫోన్లో ఆర్డరు చూపిస్తే మాత్రం దారి వదులుతాడు. ఆ ఆర్డరు కోసమే సైటు. గంగాలమ్మ, పక్కింటి నూకాలు, ఇంకో అరడజను మంది కలిసి పెట్టించుకున్నారు. హార్బరులో ఆ పొద్దు ఏం దిగిందో అనూరాధ ఫోటోలు తీసి పెట్టేది. కావలసినవాళ్ళు సైటులో ఉన్న నంబరుకి ఫోను చేసి, ఫ్లాట్ నంబరుతో సహా ఆర్డరు మెసేజి పెట్టేవాళ్ళు. తట్టలు గౌరవంగా లిఫ్టెక్కేవి.

అనూరాధ డిగ్రీ చదివింది. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో కంప్యూటరు ముందు కొన్నేళ్ళు పనిచేసింది. ఆ ఆఫీసు మూతపడ్డాక, భర్త వీరేంద్ర పోర్టులో క్రేను నడుపుతున్నాడు కదా, ఇంటిపట్టున ఉండొచ్చు కదా అని చుట్టాలు నీతులు చెప్పారు. ఆవిడ వినే రకం కాదు. అత్త వెంట హార్బరుకి వెళ్ళడం మొదలుపెట్టింది. చేపల వాసన అంటుకుంటుందని చుట్టాలు బెంగపెట్టుకుంటే, "అన్నం పెట్టే వాసనే కదేటి" అంది.

ఆ పొద్దున ఏం జరిగిందంటే, ఆర్డర్లు ఎందుకో తగ్గాయని అనూరాధ పాత కస్టమరు ఒకావిడను అడిగింది. ఆవిడ తెల్లబోయింది. "అదేంటమ్మా, నిన్న కూడా మీ సైటు చూసే ఫోన్ చేశాను. స్కూటరు మీద ఒకబ్బాయి ఐస్ పెట్టెలో తెచ్చిచ్చాడు" అంది. అనూరాధ సైటు తెరిచి చూస్తే ఫోటోలు తమవే, పేరు తమదే, ఫోను నంబరు మాత్రం తమది కాదు. అది ఓ కోల్డ్ స్టోరేజీ షావుకారుది.

నేరుగా మధురవాడ వెళ్ళింది. తిరుమలరావు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నంబరు ఎవరు మార్సినారండీ?"

"చూడమ్మా, ఆయన పెద్ద వ్యాపారి. రోజూ సరుకుంటుంది. మీకు తుఫానొస్తే సరుకుండదు. కస్టమర్లు పోకూడదని ఒక అడ్జస్ట్‌మెంట్ చేశాను. రేపు మిమ్మల్ని కూడా ఆయన దగ్గరే పెట్టిస్తాను. జీతానికి చేసుకోవచ్చు."

"కంట్రోల్ ప్యానెల్ మాకిచ్చీండి. మా సైటు మేం సూసుకుంటాం."

తిరుమలరావు నవ్వాడు. సైటులో ఏది మార్చాలన్నా, ఏది తీయాలన్నా ఆ ప్యానెల్లోంచే చేయాలి. అది ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళదే. "సర్వరు నాది, ప్యానెల్ నాది. చేపలు కోసే చేతులకు అదెందుకమ్మా? ఒక్క బటన్ తప్పు నొక్కితే మొత్తం పోతుంది. మళ్ళీ నా దగ్గరికే వస్తారు" అన్నాడు.

ఆ మాటకే పెరట్లో గిన్నెలు మోగాయి. బిందె తోమడం అయ్యేసరికి ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. సైటు పేరు కొన్నప్పుడు ఓటీపీ గంగాలమ్మ ఫోనుకే వచ్చింది, అంటే పేరు మాత్రం తమదే. సర్వరు ఇంకోటి అద్దెకు తీసుకుని, దాని మీద సొంతంగా ప్యానెల్ పెట్టుకుని, పేరును అటు తిప్పేస్తే తిరుమలరావు దగ్గర మిగిలేది ఖాళీ కొంప.

"నీకు వొచ్చా అది?" అంది గంగాలమ్మ.

"రాదత్తా."

"మరెలాగే?"

"వొచ్చీదాకా సేత్తాను."

అద్దె సర్వరంటే ఎక్కడో పెద్ద యంత్రంలో మన వంతుగా కొంత భాగం. కంటికి కనబడదు, ముట్టుకోవడానికి దొరకదు. దాని మీద ప్యానెల్ పెట్టాలంటే నల్ల తెర మీద ఆజ్ఞలు రాయాలి. అనూరాధ వీడియోలు చూసింది, చూసినవి అర్థంకాక మళ్ళీ చూసింది. మొదటిసారి ప్యానెల్ ఎక్కనే లేదు. ఆమె ముందుచూపుతో ఏవేవో సాఫ్ట్‌వేర్లు ముందే వేసి పెట్టింది. ప్యానెల్‌కేమో ఏమీ లేని శుభ్రమైన సర్వరే కావాలట. తన అతితెలివికి తనను తానే తిట్టుకుని మొత్తం తుడిపించేసి మొదటికొచ్చింది. వీరేంద్ర డ్యూటీ నుంచి వచ్చి, ఎవరైనా తెలిసినోళ్ళకి అప్పగించరాదా అన్నాడు. అలా అప్పగించే ఇంతదాకా వచ్చిందని కసిరింది. అతను నోరు మూసుకుని తన కంచం తనే కడుక్కున్నాడు.

బంగాళాఖాతంలో వాయుగుండమని పడవలన్నీ ఒడ్డునే ఉన్న రోజు, ఆడవాళ్ళంతా గంగాలమ్మ ఇంట్లో చేరారు. అనూరాధ ఇన్‌స్టాల్ ఆజ్ఞ రాసి ఎంటర్ నొక్కింది. తెర మీద అక్షరాలు ఆగకుండా పరుగెత్తాయి. చివరికి పరుగు ఆగి, ప్యానెల్ చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డూ కనబడ్డాయి. చిరునామా కొడితే లాగిన్ పేజీ నిండుగా తెరుచుకుంది. అనూరాధ లోపలికి వెళ్ళి చూసి, బయటికి వచ్చి, ల్యాప్‌టాప్‌కి దండం పెట్టింది. గంగాలమ్మ పసుపూ కుంకుమా తెచ్చి మూత మీద బొట్టు పెట్టింది.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. నూకాలు లేచింది. అనూరాధ కంటే పదేళ్ళు పెద్ద. అందరూ అప్పా అని, అంటే అక్కా అని పిలుస్తారు, అందరూ కాస్త భయపడతారు కూడా.

"కొత్త పడవ నీట్లోకి దించినప్పుడు వాటా ఉన్నోళ్ళందరూ సెయ్యి ఎయ్యరా? ఎయ్యకపోతే అది మన పడవ అవుద్దేటి? ఇదీ అంతే. అందరం సెయ్యి ఎయ్యాల."

అందరికీ సబబుగానే తోచింది. అనూరాధకు కూడా. అందరూ ఫోన్లు తీశారు, ఇంట్లో వైఫైకి కలిపించుకున్నారు, అదే పేజీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టడం మొదలుపెట్టారు. ఆ పాస్‌వర్డో, పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ గీతలూ కలగలిపిన గందరగోళం. ఒకరు గీత మరిచారు, ఒకరు చిన్నక్షరం కొట్టారు, ఒకరి ఫోను తనంతట తనే అక్షరాలు దిద్దేసింది. తప్పంది, మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పంది. నవ్వులు, కేకలు. తర్వాత ఒక్కసారిగా అన్ని ఫోన్లలోనూ పేజీ మాయమైంది. ల్యాప్‌టాప్‌లోనూ అంతే. ఎన్నిసార్లు తెరిచినా తెల్లగా ఉండిపోయింది.

అనూరాధ మొహంలో నెత్తురు లేదు. మరుక్షణం నెత్తురంతా మొహంలోనే ఉంది. "వాడే. ఆ తిరుమలరావే ఏదో సేసినాడు" అని ఫోను తీసి, అందరి ముందూ ఆయన్ని కడిగిపారేసింది. కష్టపడి కట్టుకున్నది కూల్చావంది, నీకు పుట్టగతులుండవంది.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "నేనేం చేయలేదమ్మా. మీ సర్వరు ఎక్కడుందో కూడా నాకు తెలియదు. నే చెప్పానా, నాలుగు రోజులు తిరగలేదు, మళ్ళీ నాకే ఫోన్ చేశారు" అన్నాడు. ఆ నవ్వు స్పీకరులో అందరికీ వినబడింది.

అనూరాధకు తల కొట్టేసినట్టయింది. గంగాలమ్మ ల్యాప్‌టాప్ మీది బొట్టు వైపు చూస్తూ కూర్చుంది. అంతలో గుమ్మం బయటి నుంచి నూకాలు గొంతు వచ్చింది. గదిలో ఉక్కపోతకు తట్టుకోలేక ఆవిడ ఎప్పుడో వీధి అరుగు మీదికి చేరింది.

"ఏటే, పోనాది పోనాది అంటన్నారు? నాకు కనిపిస్తంది కదా."

అనూరాధ ఒక్క ఉదుటున వెళ్ళి ఆ ఫోను లాక్కుంది. లాగిన్ పేజీ నిక్షేపంలా ఉంది. ఇంట్లో అందరి ఫోన్లకీ లేనిది దీనికెలా వచ్చిందా అని చూస్తే, వీధిలోకి వచ్చేసరికి దానికి వైఫై అందలేదు. సొంత సిమ్ము మీద నడుస్తోంది. అప్పుడు వెలిగింది. ఒకే చోటి నుంచి తప్పు పాస్‌వర్డులు వరసగా వస్తుంటే, దొంగలు పడ్డారని ప్యానెలే ఆ చోటికి తలుపు మూసేసింది. ఇంటి వైఫై మీద ఉన్నవాళ్ళంతా దాని లెక్కలో ఒక్క దొంగే. చెయ్యేసిన వాటాదారులందరినీ కలిపి గెంటేసిందన్నమాట. అనూరాధ నూకాలు ఫోనులోంచే లోపలికి వెళ్ళి, వెతికి వెతికి ఆ నిషేధం ఎత్తేసింది. ల్యాప్‌టాప్‌లో పేజీ మళ్ళీ వచ్చింది.

అందరూ హమ్మయ్య అనుకుంటుంటే అనూరాధ మాత్రం కత్తిలా నిలబడింది. పరువు పోయిందన్న మంట ఇంకా చల్లారలేదు.

"ఇనండి. ఇకమీదట పాస్‌వర్డ్ నా ఒక్కదాని దగ్గిరే ఉంటాది. ఎవులికేటి కావాలన్నా నాకు సెప్పండి, నాను సేత్తాను. తెలీకుండా ఎవులూ ముట్టొద్దు. మొత్తం పోద్ది."

అందరూ బడిపిల్లల్లా తలలూపారు. నూకాలు ఊపలేదు.

"మరి ఆడికీ నీకూ తేడా ఏటే?"

"అప్పా, నాను మనోళ్ళ కోసం..."

"ఆడు కూడా మన కోసమే అన్నాడు. నువ్వు మంచిదానివే, కాదనను. రేపు నీకు జబ్బు సేత్తే? నువ్వు నామీద అలిగితే? నా నంబరు తీసీసినా నాకు తెలీదు. నాకు తెలీనిది నాదెలాగవుద్ది? సేపలు కోసే సేతులని ఆడంటే గిన్నెలన్నీ తోమినావు. ఇప్పుడు నువ్వంటన్నావు."

అనూరాధకు ఒళ్ళు మండింది. పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. తోమడానికి ఒక గిన్నె చేతిలోకి తీసుకుంది. కానీ ఆ కోపం ఎవరి మీదో ఎంత వెతికినా, తన మీద తప్ప ఎవరి మీదా నిలవలేదు. తాను అందరి కంటే ఎక్కువ కష్టపడింది, నిజమే. అందుకు ప్రతిఫలంగా తిరుమలరావు కుర్చీలో కూర్చోబోయింది, అదీ నిజమే. సిగ్గేసింది. గిన్నె అక్కడే వదిలేసి, చేతులు చీరకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"రా అప్పా, ముందు నువ్వే కూకో. నీ పేరున వేరే లాగిన్ పెడతాను. పాస్‌వర్డ్ నువ్వే పెట్టుకో, నాకు సూపించొద్దు."

ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుంది. నంబరు ఎక్కడ మార్చాలో, ఫోటో ఎలా ఎక్కించాలో, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఎక్కడ కనబడుతుందో చూపించింది. విసుక్కుంది, బతిమాలింది, మళ్ళీ చెప్పింది. ఒకరు చందువ చేప ఫోటో పెట్టబోయి మనవడి ఫోటో పెట్టేశారు. ఎవరూ తిట్టలేదు, తీయడం నేర్పారు. సైటులో ఒక్క నంబరు బదులు ఎవరి పేరు కింద వాళ్ళ నంబరు వచ్చింది. అంతా అయ్యాక గంగాలమ్మ ఫోనుకొచ్చిన ఓటీపీతో పేరును కొత్త సర్వరు వైపు తిప్పేశారు.

వాయుగుండం ఒడిశా వైపు పోయింది. పడవలు కదిలాయి. హార్బరులో ఆడవాళ్ళు తట్టల్లో కానాగంత చేపలు సర్దుకుంటుండగా అనూరాధ ఫోను మోగింది. తిరుమలరావు. ఈసారి గొంతులో నవ్వు లేదు, తేనె ఉంది.

"అనూరాధ గారూ, షావుకారు గారు మీ సైటు చూశారు. మెచ్చుకున్నారు. మీరు తెలివైనవారు, వాళ్ళతో కలిపి మిమ్మల్ని చూడటం లేదు మేము. మీకు వేరేగా మంచి వాటా మాట్లాడదాం. ఆ సైటు మాత్రం మళ్ళీ మా సర్వరు మీదికి తెచ్చేయండి. మీరొక్కరు సరేనంటే చాలు. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉందిగా?"

అనూరాధ ఫోను చెవి దగ్గర నుంచి తీసి, పక్కన మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టుకుని ఐస్ పగలగొడుతున్న నూకాలు చేతిలో పెట్టింది. తిరుమలరావు అవతల అదే ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాడు.

"నా దగ్గిరుంది" అంది నూకాలు. "నీకేటి కావాల?"