అవ్వ వాయిలి, నా గుల్మొహర్

ఆ రోజుల్లో బొంబాయిలో ఎవరు పరిచయమైనా రెండే ప్రశ్నలు అడిగేవారు: పేరేంటి, ఉండేదెక్కడ. మొదటిదానికి జవాబు ఠక్కున చెప్పేదాన్ని. రెండోదాని దగ్గరే నాలుక మడతపడేది. కామాటిపుర అన్నామా, అయిపోయిందే! సానికొంపల పేటగానే ఊరంతా ఎరిగిన పేరది. ఎదుటివాళ్ల కనుబొమలు పైకి లేచేవి. ఆడవాళ్లయితే అరడుగు వెనక్కి జరిగేవారు. నిజానికి ఆ పేరు మావాళ్లదే సుమండీ! పాలమూరు నుంచి రాళ్లూ సున్నమూ మోయడానికొచ్చిన కామాటీలు, అంటే మా ముత్తాతలు, అక్కడ గుడిసెలు వేసుకున్నారు కాబట్టే అది కామాటిపుర అయింది. ఈ సంగతి మా నాయన ఛాతీ విరుచుకుని మరీ చెప్పేవాడు. (ఇంట్లో మాత్రమే. బయట ఆయనా "నాగ్‌పాడా దగ్గర" అనే అనేవాడు.) నేను ఇంకో మెట్టెక్కి "బొంబాయి సెంట్రల్" అనేదాన్ని. అంత పెద్ద స్టేషను, నా ఒక్కదానికి కాస్త చోటివ్వదా అని నా ధీమా.

అప్పుడే నాకు ఫోర్టులో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం దొరికింది. ఆ ఆఫీసు ముందు ఒక గుల్మొహర్ చెట్టుండేది. ఎండాకాలం వచ్చిందంటే ఆకన్నది కనబడకుండా ఎర్రగా పూసేది. దారి చెప్పేవాళ్లంతా "ఆ గుల్మొహర్ ఉన్న బిల్డింగు" అనేవారే తప్ప వీధి పేరు ఎత్తేవారు కాదు. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా చాల్ (వరుస గదుల లోగిలిని బొంబాయిలో అలాగే అంటారు) ముందు కూడా ఇలాంటి చెట్టొకటి ఉంటే, ఇక జన్మలో కామాటిపుర అనే మాట నోటితో పలకనక్కర్లేదు కదా! "గుల్మొహర్‌వాలీ చాల్" అంటాను, సరిపోతుంది. ఈ దురాలోచన ఎవరికీ చెప్పలేదు. తోటమాలిని బతిమాలి ఒక మొక్క తెచ్చి డాల్డా డబ్బాలో పెట్టాను.

చోటు కూడా దేవుడిచ్చినట్టే దొరికింది. నీళ్ల పైపు పగిలితే బాగుచేయడానికి చాల్ వాకిట్లో రాళ్లు లేపేశారు. పని అయ్యాక తిరిగి పరచడం ఎవరికీ గుర్తులేదు. అలా నల్లా పక్కన ఒక మంచం పట్టేంత మట్టి మిగిలింది. మా చాల్‌కు పెద్దమనిషైన సెక్రటరీ మామ (ఏ సంఘానికి సెక్రటరీయో ఆయనకే తెలియదు) పంచాయితీ పెట్టి, "ఒక్క చెట్టే పెట్టాలె. రెండో మాట లేదు. లేకుంటె సిమెంటు పోపిస్త" అన్నాడు. నేను డబ్బా పట్టుకుని లేచాను. నాతోపాటే మా అవ్వ కూడా లేచింది. ఆమె చేతిలో తడిగుడ్డ చుట్టిన రెండు ఎండు పుల్లలున్నాయి. పాలమూరు నుంచి బస్సులో వచ్చినవాళ్లెవరితోనో తెప్పించుకుందట. వాయిలి, అదే మీరు వావిలి అంటారే, ఆ కొమ్మలు.

మా అక్క అప్పుడు తొలి కాన్పుకు వచ్చి ఉంది. అవ్వకు పట్టుకున్న బెంగ అదే. "ఊర్ల అయితె ఏ చేను గట్టుకు పోయినా వాయిలాకు దొరుకు. గీ ఊర్ల నా మనుమరాలు బాలింతయితె వట్టి నల్లా నీళ్లు పోయాల్నా? దాని నడుము ఏం గావాలె?" అని చాల్ అంతా వినేలా అడిగింది. ఆడవాళ్లంతా అయ్యో అన్నారు. ఓట్లన్నీ అటు పోతున్నాయని నాకు అర్థమైంది.

"అవ్వా, గుల్మొహర్ ఎంత నీడ ఇస్తదో తెల్సా?" అన్నాను.

"మన చాల్ల ఎండ ఏడున్నదే, నీడ ఇయ్యనీకి?"

"ఎర్రగ పూస్తదవ్వా. కండ్లకు పండుగ లెక్క ఉంటది."

"ఏడాదికొక్కపారి పూస్తది. కడమ నెలలు ఏం జేస్తది? నా వాయిలి బాలింత నీళ్లకు పనికొస్తది, వాపుకు కడ్తం, పొగ ఏస్తె దోమ రాదు, దిండుల కుక్కుకుంటె తలకాయ నొయ్యది. నీ చెట్టేం జేస్తదో చెప్పు."

"అందంగ ఉంటది!"

"అందానికి నువ్వున్నవ్ కద బిడ్డా, సాలు" అంది అవ్వ. అందరూ గొల్లుమన్నారు. సెక్రటరీ మామ ఇద్దరినీ నొప్పించలేక, తన రెండో మాట లేని మాట మీద రెండో మాట చెప్పాడు: రెండూ నాటండి, దసరా ముందు ఆదివారం చూసి, బాగున్నదాన్ని ఉంచి రెండోదాన్ని పీకేద్దాం.

వానలు పడ్డాయి. అవ్వ పుల్లలు నా భుజం దాకా లేచాయి. నా గుల్మొహర్ కూడా లేచేదే, కానీ ఎదురు సందు టైలర్ మేక ఒకటుండేది. నెమలీకల్లాంటి ఆ లేత ఆకులు దానికి తెగ నచ్చాయి. చిగురేసినప్పుడల్లా వచ్చి నున్నగా గొరిగి వెళ్లేది. వాయిలిని మాత్రం వాసన చూసి మూతి తిప్పుకునేది. "నీ చెట్టు అందం మేకకు తెలిసినంత మాకు తెల్వకపాయె" అని అవ్వ ఊరడించింది. నేను మొక్క మీద చిల్లు గంప బోర్లించి, ఆఫీసుకు పోతూ వస్తూ కాపలా కాశాను.

ఆ ఆదివారం ఇంకా రాకముందే, ఒక పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే, కొత్తగా బదిలీ మీద వచ్చిన మీసాల పోలీసు హవల్దార్ మా వాకిట్లోకి తొంగిచూశాడు. చూసినవాడు వాయిలి దగ్గర కొయ్యబారిపోయాడు. వాయిలాకు ఐదు వేళ్లు చాచిన చెయ్యిలా ఉంటుంది. గంజాయాకు కూడా అలాగే ఉంటుందని మాకెవరికి తెలుసు? అవ్వ నల్లా దగ్గర బిందె పట్టుకుని కూర్చుంది.

"ఏ క్యా హై, బుడ్ఢీ?"

"దవా హై బేటా" అంది అవ్వ. చెట్టు గురించి ఒకరు అడగడమే ఆమెకు పండుగ. "అంగార్ పే డాల్నా, ధువా నాక్ సే ఖీంచ్నా. సర్ కా దర్ద్ ఖతం! తకియే మే డాల్నా, మస్త్ నీంద్!" (నిప్పుల మీద వేసి పొగ పీలిస్తే తలనొప్పి మాయం, దిండులో పెడితే మస్తు నిద్ర. ఒక్క మాటా అబద్ధం కాదు.)

హవల్దార్ మీసాలు అదిరాయి. ఎవరెవరు వాడతారని అడిగాడు.

"పూరా చాల్! బచ్చా హువా తో మా కో దేనా, బచ్చే కో భీ దేనా." (చాల్ అంతా. కాన్పయితే తల్లికీ ఇస్తాం, బిడ్డకూ ఇస్తాం.)

"బేచ్‌తీ హై క్యా?"

అమ్ముతావా అనేసరికి అవ్వకు రోషం వచ్చింది. "ఛీ! బేచ్‌నా కైకు? ముఫ్త్ దేతీ. తూ భీ లేజా. తేరీ ఘర్‌వాలీ కు దే, ఖుష్ హో జాతీ!" (ఊరికే ఇస్తా, నువ్వూ పట్టుకుపో, మీ ఆవిడకివ్వు, సంతోషిస్తుంది.)

వాడు ఒక కొమ్మ విరిచి, "చల్ చౌకీ" అన్నాడు, పోలీసు ఠాణాకు నడవమని. చాల్ అంతా బయటికొచ్చింది. సెక్రటరీ మామ మాత్రం చెంబు తీసుకుని పాయిఖానాలోకి వెళ్లాడు, గొడవ సద్దుమణిగేదాకా రాలేదు. అక్క నిండు కడుపు పట్టుకుని ఏడుపు లంకించుకుంది. అవ్వ ఒక్కతే నిబ్బరంగా ఉంది. ఎందుకంటే, చౌకీలో పెద్ద సాహెబ్‌కు తలనొప్పిగా ఉందేమో, వైద్యానికి పిలుస్తున్నారనుకుంది! ఇంకో రెండు రెమ్మలు తుంచి కొంగున కట్టుకుని, "నడువ్ బిడ్డా, సాహెబ్‌కు ఎట్ల వాడాల్నో నువ్వు మరాఠీల చెప్పు" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమెను జైల్లో పెడతారేమోనని ఆ చెయ్యి వదలకుండా నడిచాను. ఆ క్షణాన గుల్మొహర్ గుర్తొస్తే ఒట్టు.

చౌకీలో ముసలి ఫౌజ్‌దార్ ఒకాయన, అంటే ఠాణా పెద్ద, ఉన్నాడు. నా మరాఠీ బళ్లో నేర్చుకున్నది, మంచిదే. కానీ వాయిలిని మరాఠీలో ఏమంటారో నాకు తెలియదు. "మరి దేనికి వాడతారు?" అన్నాడాయన. పెళ్లికాని పిల్లను, అంతమంది మగవాళ్ల ముందు కాన్పు సంగతి ఎలా చెప్పను? నీళ్లు నమిలాను. అవ్వకు ఓపిక నశించింది. "నోట్ల బెల్లం పెట్టుకున్నవా? బాలింతకని చెప్పవే! బాలింతకు!"

ఫౌజ్‌దార్ తలెత్తాడు. "బాళంతీణ్?" అన్నాడు. మరాఠీలో బాలింతను అలాగే అంటారు. ఆయన ఆకు నలిపి వాసన చూసి, పకపకా నవ్వాడు. "అరే, ఇది నిర్గుడి! మీ అమ్మ నీకు దీంతోనే నీళ్లు పోసుంటుంది కదరా" అని హవల్దార్‌ను పట్టుకుని ఏడిపించాడు. అవ్వ కొంగులోని రెమ్మలు బల్ల మీద పెట్టి, వాడే విధానం చేతులతో అభినయించి చూపించి మరీ బయటికొచ్చింది. సందులో అప్పటికే మాకు కొత్త పేరు పడిపోయింది: గాంజావాలీ చాల్. చెట్టు పేరుతో చిరునామా కావాలని మొక్కుకున్నాను కదా, దేవుడు వినకుండా ఉంటాడా!

ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాను. మా పెద్ద క్లర్కును గడియారం మేడం అనేవాళ్లం, మనిషిని కాకుండా చేతి వాచీని చూసి మాట్లాడేది. "ఎందుకు లేటు?" అంది. ఆ పొద్దుటి కంగారులో అవ్వ హిందీతో సహా మొత్తం చెప్పేశాను. ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏ చౌకీ?" అని ఎవరో అడిగారు. "కామాటిపుర" అంది నా నోరు. ఒకరిద్దరి ముఖాలు మారలేదని చెప్పను, మారాయి. నేను తల దించుకుని మిషనులో కాగితం ఎక్కించాను. మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం ముట్టలేదు.

ఆదివారం పంచాయితీ మొదలైంది. సెక్రటరీ మామ గొంతు సవరించుకుంటుండగా, "గాంజావాలీ చాల్ ఇదేనా?" అని వాకిట్లో ఒక గొంతు వినపడింది. గడియారం మేడం! మోకాళ్ల నొప్పులకు నిర్గుడి కావాలని, మా పేట పక్కనున్న ఫోరస్ రోడ్ మీద బస్సు దిగి, అందరినీ అడుగుతూ వచ్చిందట. నాకు భూమి విచ్చితే బాగుండుననిపించింది. అవ్వ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి సంచీ నిండా ఆకు కుక్కింది. నేను చాయ్ తెచ్చాను. మేడం ఒక గుక్క తాగి, నా వైపు చూసి (వాచీ వైపు కాదు), "బొంబాయి సెంట్రల్ స్టేషన్ దగ్గరంతా వెతికేదాన్ని, ఆ రోజు నువ్వు నోరు జారబట్టి సరిపోయింది. ఉద్యోగంలో చేరినప్పుడు స్టేషన్ దగ్గరని ఎందుకు చెప్పావు?" అంది.

అవ్వ నావంకా మేడం వంకా చూసి, ఆమెకు అర్థమయ్యేలా హిందీ కలిపి, తీరిగ్గా అంది: "స్టేషన్ మే ఆద్మీ రహతా క్యా బిడ్డా? రైళ్లుంటయ్ గని!"

అందరూ నవ్వారు, మేడం కూడా. నేను గంప కింది గుల్మొహర్‌ను నేనే తవ్వి డబ్బాలోకి ఎత్తాను. వర్లీలో మా మేనమామ వాళ్ల చాల్‌కు పంపాం. అది అక్కడ బతికింది. తర్వాత కొద్ది రోజులకే అక్కకు కూతురు పుట్టింది. అవ్వ వాయిలి నీళ్లు కాచి పోస్తుంటే ఆ ఘాటు వాసన మెట్లన్నీ ఎక్కి పై అంతస్తు దాకా వెళ్లింది.

ఇప్పుడు ఎవరైనా ఎక్కడి పిల్లవని (పిల్లనంటే నవ్వకండి) అడిగితే, కామాటిపుర అని గట్టిగానే చెబుతాను. కనుబొమలు ఇప్పటికీ లేస్తాయి, లేవనీ. ఆ టైపిస్టు పిల్ల తలపుకొస్తే మాత్రం నవ్వాగదు. ఒక్క పేరును దాచుకోవడానికి ఏకంగా ఒక చెట్టునే పెంచబోయింది, పిచ్చి తల్లి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఇందులో సిగ్గుపడ్డానికి ఏముందే అని తల నిమరాలనిపిస్తుంది.