కుండల్లో స్పీకర్లు

హిందూపురం బస్టాండు వెనక సలాం కారుకు టేపు బిగిస్తే, పెనుకొండ కొండ మీది మేకలు కూడా తాళానికి తలలూపుతాయని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఆ మాట పుట్టించినవాడు సలామే.

పంతొమ్మిదివందల తొంభై ఎనిమిది నాటికి ఆయన రెండు చెవులూ మందగించాయి. భార్య షంషాద్‌బీకి తప్ప ఎవరికీ తెలియదు. చెవిటివాడి చేత స్పీకర్లు ఎవరు పెట్టించుకుంటారు? అందుకే మనిషి మాట్లాడితే పెదాలు చూసేవాడు. పాట మోగితే అరచెయ్యి ఆనించి అదురు చూసేవాడు.

సోమందేపల్లి జయరాముడు పాత అంబాసిడర్ తెచ్చాడు. ధర్మవరానికి పట్టుచీరలు కొనబోయేవాళ్లు పాటలున్న బాడుగ బండే అడుగుతున్నారట.

"వెయ్యి రూపాయల కన్నా ఎక్కువ దుడ్లు లేవు, సలాం భాయ్."

"వెయ్యా? అంత ఇస్తే గాడిదబండి చేత కూడా పాడిస్తా. కూచో అబ్బా."

పాత టేపు, ఎవరో విప్పించేసిన రెండు చిన్న స్పీకర్లు దొరికాయి. చెక్కడబ్బాలకు డబ్బు మిగలక, రెండు చిట్టికుండల మూతులకు వాటిని బిగించి, వెనక అద్దం కింద కూర్చోబెట్టాడు. వైరూ పాతదే, రెండు పోగులూ నల్లవే, ఏది ప్లస్సో ఏది మైనస్సో గుర్తు లేదు.

పాట వేసి, ఒక్కో కుండ మీద ఒక్కో చెయ్యి పెట్టాడు. రెండూ అదురుతున్నాయి.

"మేకలు బయల్దేరింటాయిలే," అన్నాడు.

"గొంతు పీలగా వస్తాండాది భాయ్," అన్నాడు వెనక నుంచి జయరాముడు. మళ్లీ అన్నాడు. సలాం కుండలనే నిమురుతున్నాడు. జయరాముడు టేపు ఆపేశాడు. అదురు ఆగాక గానీ సలాం తిరగలేదు.

"నీకు ఇనబడదా భాయ్?"

ఈసారి మేకలు ఆదుకోలేదు. "ఎవురికీ చెప్పొద్దప్పా. ఈ పనొకటే తెలుసు నాకు."

"పాట పీలగుండాది," అని జయరాముడు ఆయన ముఖంలోకి చూస్తూ నిదానంగా చెప్పాడు.

సలాంకు తప్పు తెలిసింది. ఒక కుండకు వైరు తారుమారైంది. ఒకటి ముందుకు తోస్తే ఇంకొకటి వెనక్కి లాగుతోంది. విడివిడిగా రెండూ అదురుతాయి, కలిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. అది చెవికే తెలుస్తుంది, చేతికి అందదు.

కొసలు మార్చాడు. "లోపల కూచో. బాగుంటే చెయ్యెత్తు."

కాసేపటికి జయరాముడి చెయ్యి లేచింది.

వారం తర్వాత అతను ఇంకో డ్రైవరు పోతులయ్యను వెంటబెట్టుకొచ్చాడు. గుట్టు చెప్పేశాడనుకున్నాడు సలాం. పోతులయ్య పక్కనుంచి ఏదో చెప్పబోతే, జయరాముడు అతని భుజం పట్టి సలాం ఎదుటికి తిప్పాడు.

"ఆయనకు ఎదురుగా నిలబడి చెప్పల్ల. ఈడ ఇనేది మనం, బిగించేది ఆయన."

సలాం ఆ పెదాలు చూశాడు. తల దించుకుని, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కోసం చాలాసేపు వెతికాడు.