మొహమాటం లేని నమూనా

2022 వేసవి. అమలాపురంలో, అంబాజీపేట రోడ్డు మీద నా ఫ్యాబ్రికేషన్ షాపు. గేట్లు, గ్రిల్స్ చేసుకుని బతికేవాణ్ణే గానీ, కొత్త యంత్రం అంటే మాత్రం నాకు తిండి కూడా గుర్తుండదు. సుగుణమ్మ గారు అలాంటి పనే పట్టుకొచ్చేరు.

ఆవిడ భర్తది కొబ్బరికాయల ఒలుపు పని. నేలలో పాతిన గునపానికి కాయను గుచ్చి, పైనున్న పీచు డొక్క చీల్చాలి. ఆయన భుజం పోయి ఇంట్లో కూర్చున్నారు.

"ఆ పని నేను చేస్తానండీ. ఒలిచి చూపిస్తే అప్పుడు చూద్దాం అన్నారు ఆయన పనిచేసిన షెడ్డు షావుకారు గారు. కాలితో తొక్కేది ఏదైనా చేసిపెట్టండి బాబూ," అన్నారావిడ. ఆ పని దొరక్కపోతే వాళ్ళ పొయ్యి వెలగదు.

నేను రెచ్చిపోయాను. మంచి ఇనుము తెచ్చి, పెడల్ తొక్కితే రెండు రేకులు విచ్చుకుని డొక్క చీల్చేలా చేసి, ఆకుపచ్చ రంగు కూడా వేసేను. ఆవిడ ఓ కాయ ఒలిచేరు.

"ఎలా ఉందండీ?"

"ఆయ్, చాలా బాగుందండీ."

"కాలికి ఇబ్బందిగా లేదు కదా?"

"అబ్బే! ఇంత కష్టపడి చేసేరు, ఇబ్బందేంటండీ."

అంటూనే మోకాలు ఒత్తుకుంటున్నారు. గతుక్కుమన్నాను. అన్నం పలుకు మీదున్నా, వడ్డించినవాళ్ళ మొహం చూసి 'బ్రహ్మాండం' అనే జనం మనం. ఎదటివాళ్ళు చెమటోడ్చి చేసినదానికి వంక పెట్టమంటే ఎవరు పెడతారు?

రేకులు మాత్రం ఊడదీసుకుని, దాన్ని మూలకి తోసేసి పాత మంచం కోళ్ళు, సైకిల్ ట్యూబు, పనికిరాని చెక్కలు తీసుకుని ఇంకోటి కట్టేను. మా వాళ్ళు ప్రోటోటైప్ అంటారు, అంటే అసలుదానికి ముందు చేసే, పారేసినా బాధ లేని నమూనా.

చూడగానే సుగుణమ్మ గారు పకపకా నవ్వేరు. "ఇదేంటండీ బాబూ, కుంటిమేకలా ఉంది!"

"తిట్టండి, ఇంకా తిట్టండి!"

ఇక ఆగలేదు. పెడల్ మరీ ఎత్తట. నిలబడి తొక్కుతుంటే మోకాలు లాగేస్తోందట, పీట కావాలట. "అసలు సంగతి చెప్పనా అండీ? ఇది కాయకి గుండు కొట్టేస్తోంది. మేం చర్చికెళ్ళేవాళ్ళమే గానీ, పిలక లేని కాయ గుళ్ళో కొట్టరని తెలుసు. షావుకారు గారు ముట్టుకోరండీ."

ఓరి నాయనో! రంగు వేసినదీ గుండే కొట్టింది. అప్పుడు ఆవిడ పల్లెత్తు మాట అనలేదు.

అక్కడికక్కడే చెక్క కోసేను. రేకులు ఎక్కడ ఆగాలో ఆవిడే సుద్దతో గీసి చూపించేరు. విరిగింది, మళ్ళీ కట్టేను. పిలకతో కాయ బయటికొచ్చేకే ఇనుము కొన్నాను.

అంబాజీపేట షెడ్డులో షావుకారు గారు ఆవిడ ఒలిచిన కాయని పిలక పట్టుకుని ఎత్తేరు, అటూ ఇటూ తిప్పేరు. "మీ ఆయన గునపం పీకేసి, ఇది అక్కడ పెట్టుకోమ్మా," అన్నారు. సుగుణమ్మ గారు అక్కడే చతికిలబడి ఏడ్చేసేరు. నాకూ కళ్ళు తడిసేయి.

నా ఆకుపచ్చ పెయింటు ఆవిడ నోరు నొక్కేసి, ఆ చోటు ఇంకొకరికి పోయేలా చేసేదే. అందుకే ఏదైనా ముందు వికారంగా, చవగ్గా చేస్తాను. ఎవరైనా తిట్టేదాకా ఇనుము జోలికి వెళ్ళను.