తెలుగులో అడిగిన ప్రశ్న

గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా ఎకనామిక్స్ చెప్పేదాన్ని. రోజూ బందరు నుంచి బస్సులో, పామర్రు మీదుగా వెళ్ళి వచ్చేదాన్ని. ప్రభుత్వం డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియంలోకి మార్చిన కొత్త. పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్ళు. ఇంగ్లీషులో పాఠం చెబితే తలలూపేవారు. ఏం అర్థమైందని అడిగితే దించేవారు. అందుకని ముందు తెలుగులో వివరించి, ఆ తర్వాత ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రాసేదాన్ని.

ముదినేపల్లి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చేది. వాళ్ళ నాన్న చేపల చెరువు దగ్గర కాపలా ఉండేవాడు. ఏం చెప్పినా ఊరికే ఒప్పుకునేది కాదు. ఆమె అడగడం చూసి మిగతావాళ్ళూ నోరు విప్పడం మొదలుపెట్టారు.

ఆ ఏడాది కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి కమిటీ వచ్చింది. అందులో ఒకాయన నా క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాడు. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందని ఇంగ్లీషులోనే చెబుతున్నాను. ఆ అమ్మాయి లేచింది.

"మేడం, ఉప్పు రేటు పెరిగినా కొంటాం కదండీ. చేపల రేటు పెరిగితే మానేస్తాం. రెండిటికీ ఒకటే రూలు ఎలా సరిపోద్దండీ?"

తర్వాతి వారం చెప్పాల్సిన పాఠం అదే. తనంతట తనే అక్కడికి వచ్చేసింది. సంతోషం పట్టలేక తెలుగులోనే జవాబు మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, అదే ప్రశ్న ఇంగ్లీషులో అడగమన్నాడు ఆ పిల్లని.

"మేడం, సాల్ట్..." అని ఆగిపోయింది. ఆయన నవ్వి, కూర్చోమన్నాడు.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారు పిలిచారు. "మీకు ఇంగ్లీషులో జవాబు చెప్పడం రాదనుకున్నారండీ వాళ్ళు."

"నాకు వచ్చండీ. పిల్లలకి అర్థం కావాలి కదా."

"అర్థం కావడం తర్వాత. ముందు కాలేజీ పరువు చూడాలి కదమ్మా."

మరుసటి ఏడాది నన్ను పిలవలేదు. నా చోట వచ్చినాయన ఇంగ్లీషులో నోట్సు చెప్పి రాయిస్తున్నారనీ, పాసయ్యేవాళ్ళు పెరిగారనీ విన్నాను. పిల్లలకి ఇంగ్లీషు వద్దని నేనెన్నడూ అనలేదు. ఆ పిల్ల నోరు మూయించడానికి దాన్ని వాడుకున్నారనే నా కడుపుమంట.

కొన్నాళ్ళకి పామర్రులో బస్సు కోసం నిలబడితే ఆమె కనిపించింది. క్లాసు ఫస్టు వచ్చిందట. ఇంగ్లీషులో తడుముకోకుండా కుశలం అడిగింది.

"ఇప్పుడు డౌట్లొస్తే ఎవర్ని అడుగుతున్నావమ్మా?" అన్నాను.

"డౌట్లేం రావట్లేదు మేడం," అంది, మామూలుగానే.

మంచిదన్నాను. గుడివాడ బస్సు వస్తే ఆమె ఎక్కి వెళ్ళిపోయింది.