వణకని బొమ్మ

పుంగనూరు పెళ్లిమంటపంలో పెళ్లికూతురి మేనమామ, "చేతులు వణికేవాడికి వీడియో పని యాల?" అని పదిమందిలో అడిగాడు. "చేయి సూడొద్దప్పా, బొమ్మ సూడు," అంటూ వీడియోలు తీసే బాబ్జాన్ అప్పుడే తీసిన తలంబ్రాల బొమ్మ చూపించాడు. అందులో ఒక్క వణుకూ లేదు. పెళ్లికొచ్చిన బాబ్జాన్ పక్కింటి ముసలమ్మ సారమ్మ కూడా ఆ బొమ్మను కళ్లారా చూసింది.

ఆ వణుకును మింగేది కెమెరా కింది గింబల్ పిడి. మొన్న అది జారిపడి మెడ వాలేసింది. బాగుచేయడానికి మదనపల్లె షాపులో నెల పడుతుందన్నారు. ఆదివారం కుప్పంలో పెళ్లి. అది లేకుండా వెళ్తే మేనమామ మాటే నిజమవుతుంది. ఎప్పుడూ తొడకింద దాచుకునే కుడిచేతిని బయటికి తీసి, బాబ్జాన్ ఇంట్లోనే, విప్పిన గింబల్ ముక్కలు పోసిన పళ్లెం ముందు కూర్చున్నాడు. ఆవగింజంత స్క్రూ మూడుసార్లు జారింది. "ఆ చేయి నీ మాట యాడ ఇంటాది, ఇట్టియ్యప్పా, నేను తిప్పుతా," అంది చూడటానికొచ్చిన సారమ్మ. బాబ్జాన్ స్క్రూను మళ్లీ వేళ్ల మధ్యకి తీసుకున్నాడు. "తిప్పేది నేనేనమ్మా. నువ్వు నా మణికట్టు పట్టుకో, సాలు."