గోడ సందు మూసిన కాగితం

విశ్వవిద్యాలయం వాళ్లు దయాదాక్షిణ్యం లేకుండా తమ గోడ సందులోంచి ఉన్న మన దారి మూసేశారని మా కాలనీలో ముప్పై ఏళ్లుగా ఒక కథ చెప్పుకుంటున్నారు. ఆ కథ తప్పు. కట్టిన మేస్త్రీలు వాళ్ల వాళ్లే, రాళ్లూ సిమెంటూ వాళ్లవే, కాదనను. కానీ కట్టమని రాసిచ్చింది మేము.

పోయిన ఆదివారం ఆ గోడలోనే, సరిగ్గా ఆ సందు ఉండిన చోటే, పొద్దున నడకకు వెళ్లేవాళ్ల కోసమని చిన్న ఇనుప గేటు ఒకటి తెరిచారు. దానికొక రిబ్బను, ఒక ఫ్లెక్సీ, అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. కాలనీ సంఘం అధ్యక్షుడు, నాకు వరసకు బాబాయి అయ్యే పెద్దమనిషి, మైకు పట్టుకుని ఆనాడు మనకు జరిగిన అన్యాయం అంటూ మొదలుపెట్టేసరికి నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి, బాబాయ్, ఆ కాగితం మీద నీ సంతకం ఏడోది, పెట్టించింది నేను, అన్నాను. "కూసో బిడ్డా, మంచి పని జరిగేటప్పుడు గీ పంచాయితీ ఏంది" అని ఆయన మైకులోనే అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నోరెక్కువని కాలనీ అంతటికీ తెలుసు కాబట్టి, నేనేమన్నా అది నోరే అవుతుంది, మాట కాదు. సరే, మైకు ముందు చెప్పనివ్వని సంగతి ఇక్కడ చెబుతాను.

ఇప్పుడు ఎల్.బి.నగర్‌లో మెట్రో దిగి షేర్ ఆటో ఎక్కితే పది నిమిషాల్లో మా వీధి మొదట్లో దింపుతాడు. నా చిన్నతనంలో అక్కడ వీధీ లేదు, దానికో పేరూ లేదు. పంచాయతీని అడిగితే మీరు మా కిందికి రారనేవాళ్లు, మునిసిపాలిటీని అడిగితే మా హద్దు అవతలే ఆగిపోయిందనేవాళ్లు. అలా ఎవరికీ చెందని రాళ్ల నేలలో, పోచంపల్లి వైపు నుంచి మగ్గాలతో సహా వచ్చిన మా పద్మశాలి కుటుంబాలు నలభై దాకా ఇళ్లు వేసుకున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షావుకారు ఎక్కడుంటారని అడిగితే యూనివర్సిటీ గోడ పక్కన అని చెప్పేవాళ్లం. మేమేదో ప్రొఫెసర్ల పిల్లలమనుకుని పాపం అతను ఒకసారి అమ్మకు కుర్చీ వేశాడు కూడా. అమ్మ ఆ ముచ్చట నెల రోజులు చెప్పుకుంది.

మా కాలనీలో తిన్నగా ఉన్నది ఏదైనా ఉందంటే అది ఆ గోడే. ఇళ్లు వంకర, దారులు వంకర, కరెంటు స్తంభాలు కూడా వంకరే. నేతపని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాన్ని బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఎండబెట్టాలి. దానికి మలుపు లేని పొడవైన చోటు కావాలి. ఊళ్లో అయితే వీధులున్నాయి, ఇక్కడ మాకు గోడ ఉంది. రాళ్ల మధ్య మేకులు కొట్టుకుని, పొద్దున్నే వంతులవారీగా ఇంటికో పడుగు చాపేవాళ్లు. ఎర్రవి, నల్లవి, పసుపువి, ఎండ పడేసరికి గోడ వెంట రంగుల వాగు పారుతున్నట్టు ఉండేది. గంజి వాసన ఈనాటికీ నాకు అన్నం వాసన కంటే ముందు గుర్తొస్తుంది.

ఆ గోడలోనే, మా ఇంటి వెనక నాలుగు రాళ్లు ఊడిపోయి సందు ఏర్పడింది. మనిషి పక్కకు తిరిగితే పట్టేంత. అమ్మ ఒకసారి అందులో ఇరుక్కుని "గుంజుండ్రే, చూసుకుంట నవ్వుతరేంది" అని అరిస్తే అక్కా నేనూ చెరో వైపు నిలబడి లాగాం, నవ్వు ఆగక బలం చాలలేదు. అందరం ఆ సందులోంచి దూరి, విశ్వవిద్యాలయం లోపలి రోడ్డు మీదుగా పెద్ద గేటు దాటి బస్సు ఎక్కేవాళ్లం. మా అందరికీ అది బస్టాపుకు దారి. మా అక్క ఒక్కతే లోపల ఆగేది.

అక్క పగలంతా ఇంట్లో చిటికి కట్టేది. అంటే, రంగు ఎక్కకూడని చోట దారాన్ని రబ్బరు ముక్కతో గట్టిగా చుట్టి కట్టడం. ఆ కట్లు ఒక్క వెంట్రుకవాసి జరిగినా చీర మీద పువ్వు చెదిరిపోతుంది. అక్క కట్టిన పువ్వు చెదిరిందని ఎవరూ అనగా నేను వినలేదు. సాయంత్రం కాగానే వేళ్లకంటిన రంగు రాయితో రుద్దుకుని, సందులోంచి అవతలికి దూరి, సాయంకాల కళాశాలలో బి.ఏ. క్లాసుల్లో కూర్చునేది. గోడ పక్కనే ఉన్నా మా కాలనీ నుంచి లోపల చదివింది తనొక్కతే. నాకు తెలిసి ఇప్పటికీ తనొక్కతే.

అందుకే కాలనీ అర్జీలన్నీ అక్కే రాసేది. వీధి దీపానికి, నీళ్ల ట్యాంకరుకు, బస్సుకు, ఆఖరికి కుక్కల బెడదకు కూడా. కింద కార్బన్ పెట్టి నకలు తీసేది. ఆర్యా, ఈ క్రింద సంతకములు చేసిన మేము అంటూ మొదలయ్యే ఆ కాగితాన్ని నేను ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకొచ్చేదాన్ని. ఎవరూ చదివేవాళ్లు కాదు. మీ అక్క రాసిందా, అయితే ఇటు తే, అంతే. అది మా కాలనీ పద్ధతి. చదివితే పిల్లను నమ్మనట్టే కదా అనుకునేవాళ్లు.

అక్క ఆఖరి ఏడులో ఉండగా, ఢిల్లీ నుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని విశ్వవిద్యాలయం ఇంజనీరు గోడ చూడటానికి వచ్చాడు. మేకులు, గంజి మరకలు, సందు, సందులోంచి మేకలు. మా నాయననూ ఇంకో ఇద్దరు పెద్దలనూ పిలిచి మాట్లాడాడు. పడుగులు చాపుకోండి, పొద్దెక్కేలోగా తీసేస్తే నేను చూడనట్టే ఉంటాను, కానీ ఆ సందు మూయమని మీరే రాసివ్వాలి, రేపు దారి మాదేనని కోర్టుకెక్కకుండా. లేదంటే సందూ పోతుంది, మేకులూ పోతాయి. ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత నాయన నోటనే తెలిసింది. ఆ రోజు నాకు కనిపించింది ఒక్కటే, నాయన అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచిపోవడం.

మర్నాడు అక్క నన్ను పిలిచి కాగితం చేతికిచ్చింది. అప్పుడు నేను ఇంటరు, పరీక్షల హడావిడి. ఎప్పుడూ ఏమీ చెప్పని మనిషి ఆ రోజు ఒక మాట చెప్పింది.

"చదివి పెట్టియ్యే సంతకాలు. ఊకె పెట్టియ్యకు."

"నువ్వు రాసినంక ఇంగ చదువుడేందే" అన్నాను. అని, కాగితం మడిచి జాకెట్లో దోపుకుని పరుగెత్తాను. ఒకావిడ వేలికి రంగుండగానే వేలిముద్ర వేసింది. బాబాయి మగ్గం మీద నుంచి దిగకుండానే, కాగితం తొడ మీద పెట్టుకుని సంతకం చేశాడు. నలభై ఇళ్లూ గంట లోపే తిరిగొచ్చాను. ఎంత తొందరగా తెచ్చానో చూడమన్నట్టు అక్క ముందు పెట్టాను. అక్క కాగితం వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది.

"అయిపోయినయా? గప్పుడే?" అంది.

వారం తిరగకుండానే మేస్త్రీలు వచ్చారు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నడుము ఎత్తు లేచింది. అక్క చేతిలో నోటుబుక్కుతో అక్కడే నిలబడి ఉంది. "జర పక్కకు జరుగమ్మా, సిమెంటు మాలు మీద పడ్తది" అన్నాడు మేస్త్రీ. జరిగింది. నేను ఆ ఇంజనీరునూ, వాళ్ల విశ్వవిద్యాలయాన్నీ, వాళ్ల ఏడు తరాలనూ వాడంతా వినేటట్టు తిట్టాను. ఈ రోజు అందరూ చెప్పే కథను అందరికంటే ముందు గొంతెత్తి చెప్పింది నేనే, అది కూడా రాసుకోవాలి.

చుట్టూ తిరిగి హైవే మీదుగా పెద్ద గేటుకు పోవాలంటే గంట నడక. తిరిగొచ్చేసరికి చీకటి, దారిలో దీపం లేదు. ఈ ఒక్క ఏడు ఊరుకో బిడ్డా, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు నాయన. ఆ వచ్చే ఏడు రాలేదు.

అక్క చదువు ఇచ్చి తెచ్చుకున్న ఆ గోడ మీద పడుగులు ఎంతకాలం చాపారంటే, ఆరేళ్లు. అచ్చుకొట్టిన నకిలీ పోచంపల్లి చీరలు దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల నిండా వచ్చాక, మగ్గాలు ఒక్కొక్కటిగా పొయ్యిలోకి పోయాయి. నాయన షోరూములో చీరలు మడతపెట్టే పనికి కుదిరాడు. మడతపెడుతూ వేళ్లతో అంచు తడిమి చూసేవాడు, అది నకిలీదే అయినా. అక్కకు కొత్తపేటలో పెళ్లయింది, ఇల్లూ పిల్లలూ బాగానే ఉన్నారు, ఇప్పుడు జాకెట్టు గుడ్డల మ్యాచింగ్ కొట్లో కూర్చుంటుంది. ఏ చీర ఇచ్చినా లోపలి దీపం వెలుగులో కూడా సరైన రంగు తీస్తుందని పేరు.

అమ్మ పోయాక పెట్టె సర్దుతుంటే అడుగున అక్క కార్బన్ నకళ్లు దొరికాయి. వీధి దీపం, ట్యాంకరు, బస్సు, కుక్కలు. వాటి కింద అది. నా చేతులతో నలభై ఇళ్లకు తిప్పిన కాగితాన్ని నేను మొదటిసారి అప్పుడు చదివాను. ప్రహరీ గోడ యందు ఏర్పడిన సందు వలన కలుగు ఇబ్బందుల దృష్ట్యా దానిని శాశ్వతముగా మూసివేయ వలసినదిగా ప్రార్థన. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అక్షరం వణకలేదు.

తీసుకుని అక్క కొట్టుకు పోయాను. ఎందుకు రాశావని అడిగాను. నాయన రాయమన్నాడా, బతిమాలాడా, నువ్వే ముందుకొచ్చావా. అక్క కాగితాన్ని కళ్లకు దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. "అక్షరాలు మంచిగుండెనే నాకు అప్పుడు" అని నా చేతిలో పెట్టి, కౌంటరు మీది చీర అంచుకు గుడ్డ వెతకడంలో పడిపోయింది.

గేటు తెరిచిన రోజు అక్క రాలేదు. మోకాళ్లంది. నేను మాత్రం లోపలికి పోయి చూశాను. సాయంకాల కళాశాల ఎత్తేసి చాలాకాలమైందట. మా కాలనీ పిల్లలు కోచింగ్‌కని దిల్‌సుఖ్‌నగర్ పోతారు, పక్కనున్న ఈ చెట్ల కింద వాళ్ల నాయనలూ తాతలూ షుగరు తగ్గడానికి చేతులూపుతూ తిరుగుతారు. మాకిప్పుడు పేరుంది, పిన్‌కోడుంది, పన్ను కట్టమని నోటీసులొస్తాయి. దారి కూడా వచ్చింది, దాని మీద పోవలసిన మనిషే లేదు. గోడలో రెండు మేకులు ఇంకా ఉన్నాయి. తుప్పు వేళ్లకంటింది.

సందు ఎవరు మూశారన్నది నాకు ప్రశ్న కాదు, ఆ సంగతి తేల్చేశాను. రాత్రింబవళ్లు నన్ను తినేది వేరే. అక్కా, చదివి పెట్టియ్యమని ఆ ఒక్కనాడే ఎందుకన్నావు? నలభై ఇళ్లలో ఎవరో ఒకరం, కనీసం నేను, ఆ కాగితం చదివి, ఇది వద్దని వెనక్కి తెస్తామని ఆ గంటసేపూ గడప మీద కూర్చుని చూశావా?