తాహేరా పేరు మింగిన పేజీ

తాహేరాది మక్తల్. మహబూబ్‌నగర్‌లో అమరేందర్ సార్ నడిపే కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. తొంభై తొమ్మిదిలో సార్‌కు ఇంటర్నెట్ పిచ్చి పట్టింది. మార్కెట్లో పల్లికాయ, కందుల ధరలు రోజూ తెలుగులో చూపించే పేజీ కావాలన్నాడు.

"చేసిపెడ్త సార్. గానీ కింద నా పేరుండాలె," అంది తాహేరా. ఆ సెంటర్లో పని ఎవరు చేసినా పేరు సార్‌దే. ఈసారైనా తన పేరు నలుగురూ చదవాలని ఆమె పంతం.

"సరే తియ్," అన్నాడాయన.

నమూనా పేజీ ఒకసారి రాసి, ధరలు రావలసిన ఖాళీలకు అటూ ఇటూ వంకర బ్రాకెట్లు గుర్తుగా పెడితే చాలు. రోజూ ప్రోగ్రామే వాటిలో ధరలు నింపుతుంది. కానీ ఆ రోజుల్లోని పాడు తెలుగు ఫాంటులో కీబోర్డు మీది ప్రతి గుర్తూ ఏదో ఒక తెలుగు అక్షరం ముక్కే! ప్రోగ్రాం తెలుగు మాటలనే ఖాళీలనుకుంది. పల్లికాయ సగమే మిగిలింది. గుర్తు మార్చుకునే వీలుంది కదా అని చదరపు బ్రాకెట్ పెడితే కందులు పోయాయి. డాలరు పెడితే ఆముదాలు గల్లంతు.

"నీ కంప్యూటర్ల పంటకంత పురుగు వడ్డట్టున్నది గదా," అని సార్ ఎగతాళి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

చివరికి విసిగిపోయి తన పేరునే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో గుర్తుగా కొట్టింది. ఆ ముక్కలు అదే వరసలో ఏ తెలుగు మాటలోనూ పడవు. ధరలన్నీ బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి.

మార్కెట్ కార్యదర్శి చూడడానికి వచ్చిన రోజు, పేజీ కింద తన పేరు అవే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొట్టి, సంబరంగా బటన్ నొక్కింది. పేరు రాలేదు సరికదా, దాని కిందున్న సెంటర్ చిరునామా కూడా మాయమైంది. ప్రోగ్రాం ఆ పేరునూ గుర్తే అనుకుని, అక్కడి నుంచి చివరిదాకా ఖాళీయే అనుకుంది మరి!

"పేరు లేకుంటేనే మంచిగుంటది. తీసెయ్," అన్నాడు సార్, కార్యదర్శి ముందే.

కోపంతో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత చాకిరీ చేయించుకుని ఇదా మాట!

"జర ఆగుండ్రి," అని గుర్తు మార్చి మళ్లీ నొక్కింది. ధరలొచ్చాయి. చిరునామా వచ్చింది. దానిపైన ఆమె పేరూ వచ్చింది. కార్యదర్శి "తాహేరా" అని పైకే చదివాడు.

సార్ మొహం మాడ్చుకున్నాడు. "దాని పక్కకు నా పేరు గూడ పెట్టు."

"కుదరదు సార్. గిప్పుడు గుర్తు మీ పేరే. పెడితే పేజీ ఆగమైతది."